పిట్టకు ఇచ్చిన మాట

మొన్న శుక్రవారం పొద్దున, డ్యూటీ లేదు కదా అని మబేలాలో మా రూమ్ ముందర కుర్చీ వేసుకుని, అద్దాన్ని కిటికీకి ఆనించి తీరిగ్గా గడ్డం గీసుకుంటుంటే ఊరి నుంచి వీడియో కాల్ వచ్చింది. చేసింది అన్న కొడుకు. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. మా తాతకు స్వయానా అన్న అయిన పెద్ద తాతకు మనవడు. ఈ ఒమన్ దేశంలో మూడు ఊళ్ళు మారినా నాతో ఒకే గదిలో బతికి, కొన్నేళ్ళ కిందట వీసా క్యాన్సిల్ చేసుకుని ఇల్లు చేరి, మొన్న బుధవారం నాడు కన్నుమూసిన మనిషి.

ఆ కబురు నాకు సైట్‌లో అందింది. నేను కంపెనీలో టైమ్‌కీపర్ని, అప్పుడు హాజరు వేస్తున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన వాళ్ళకు కూడా హాజరు వేసి, అందరితో పాటు చాయ్ తాగాను. ఏడుపు రాలేదు. రాలేదే అన్న బాధ కూడా కలగలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు ఆ రోజంతా అన్న మాటలు ఒక్కొక్కటే తలచుకుని చూశాను గానీ ఎక్కడా చురుక్కుమనలేదు. సాయంత్రం రూమ్‌కు వచ్చి తలస్నానం మాత్రం చేశాను. పక్క మంచం వాళ్ళు అడిగితే దుమ్ము ఎక్కువగా ఉందని చెప్పాను. మా ఇంటి వాళ్ళు ఆ ఇంటి చావుకు తలస్నానం చేయకూడదు; ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా కరీంనగర్ దిక్కు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ తెలియని వాళ్ళు కూడా ఉంటారు కాబట్టి చెబుతున్నా. మనిషి పోయిన మూడో రోజున దహనం చేసిన చోటికి వెళ్ళి, పోయిన వాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి పక్కకు జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. దీన్నే మేము పిట్టకు పెట్టుడు అంటాం. ముట్టిందా, పోయిన వాడికి తృప్తి కలిగినట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, పిట్టకు వినబడేట్టు మాట ఇస్తారు. పిల్ల పెళ్ళి చేస్తామనో, ముసలమ్మను చూసుకుంటామనో చెబుతారు. సరైన మాట పడే దాకా కాకి దిగదని మా నమ్మకం.

“చిన్నబాపూ, పిట్ట ముడ్తలేదు,” అన్నాడు అన్న కొడుకు. మా దిక్కు బాపు అంటే నాన్న, చిన్నబాపు అంటే చిన్నాన్న. “అమ్మ చెప్పింది, అక్క చెప్పింది, నేను చెప్పిన. చెట్టు మీద కూసోని సూస్తున్నది గని దిగుతలేదు. ఇన్నేండ్లు దగ్గరున్నోనివి నువ్వే. బాపు మనసుల ఏమున్నదో నీకే ఎరుక. ఒక్క మాట చెప్పరాదు.”

ఫోన్‌ను ఒక రాయికి ఆనించి నిలబెట్టాడు. విస్తట్లో మటన్ ముక్కలు, జొన్నరొట్టె, ఒక బీడీల కట్ట, అన్న ఇక్కడి నుంచి పోయేటప్పుడు తీసుకువెళ్ళిన రకం ఖర్జూరాలు కనిపించాయి. నా ఒక చెంప మీద సబ్బు నురగ అలాగే ఉంది. అన్న మనసులో ఏముందో నాకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. అయితే ఆ మాట అనాలంటే డెబ్భై ఏళ్ళ కిందటి సంగతి ఒకటి తిరగేయాలి.

మీరు నా ఈడు వాళ్ళయితే నైజాం కాలం నాటి ముచ్చట్లు ముసలివాళ్ళ నోట వినే ఉంటారు. రజాకార్లు వచ్చారంటే ఊరు ఊరంతా జొన్నచేలలో దాక్కోవడం, దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్ళు గుట్టల్లో ఉండడం, దొర ఉండే గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవడం, ఇవన్నీ మన ఇళ్ళల్లో కథల్లా చెప్పేవారు. కొన్ని ఇళ్ళు సంగం దిక్కు, కొన్ని ఇళ్ళు గడి దిక్కు. మా ఇంట్లో రెండూ ఉండేవి, ఒకే గోడకు అటూ ఇటూ. మా ముత్తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దొర గడిలో జీతం ఉండేవాడు. దొర తిన్నాక తినేవాడు, దొర పడుకున్నాక ఇల్లు చేరేవాడు. చిన్నవాడు, అంటే మా తాత, సంగంలో కలిశాడు. గడి మనుషులు వెతకడం మొదలుపెట్టాక ఊరి బయటి గుట్ట ఎక్కాడు.

ఆ గుట్ట మీదికి వాగు దిక్కు నుంచి బండల సందున ఒక దోవ ఉండేదట. మేకలు కాసిన వాళ్ళకు తప్ప తెలియని దోవ. చిన్నప్పుడు మేకలు కాసింది మా ఇంటి వాళ్ళే. ఒకనాడు రజాకార్లు, గడి మనుషులు నేరుగా ఆ దోవనే ఎక్కిపోయారు. తాతను కాల్చి, శవాన్ని ఎడ్లబండి మీద తెచ్చి ఇంటి ముందు దించి పోయారు. ఆ పొద్దున్నే పెద్ద తాత ఆ గుట్ట దిగి వస్తుండగా చూసిన వాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఇక చెప్పేదేముంది?

ఇదంతా నాకు నాయనమ్మ చెప్పింది. బీడీలు చేసుకుంటూ, చేటలోని ఆకును కత్తెరతో కత్తిరిస్తూ, తలెత్తకుండా చెప్పేది. ఆమె కథ ఎన్నిసార్లు విన్నా ఒకే మాట దగ్గర ఆగేది. “నడుముకు కట్టుకున్న గుడ్డల సగం రొట్టె ఉండె బిడ్డా. ఆ సగమన్న తినకపాయె.” నేను పిల్లవాణ్ణి. రొట్టె మిగిలిపోయిందంటే ఏడవాలని తెలిసేది కాదు. ఇంకో బీడీ కట్టడానికి దారం అందించేవాణ్ణి.

తాత మూడో రోజున కూడా పిట్ట ముట్టలేదట. ఎండ నెత్తి మీదికి వచ్చినా దిగలేదట. ఊళ్ళో వాళ్ళు తలా ఒక మాట అన్నారు, కడుపులో ఉన్న బిడ్డను చూసుకుంటామన్నారు, భూమి పోనియ్యమన్నారు. పెద్ద తాత కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడట. చివరకు నిండు చూలాలైన నాయనమ్మ లేచి, ఆయన్ను వేలెత్తి చూపించి, దోవ చూపెట్టినోని ఇంటి నిప్పు మాకొద్దు, నీళ్ళు మాకొద్దు, ఆ ఇంట్ల చావైనా మాకు మైల లేదు అని పిట్టకు మాట ఇచ్చింది. వెంటనే కాకి దిగి ముట్టిందట. ఆకలైన కాకి ఎంతసేపని ఆగుతుంది అని ఈ వయసులో నాకు అనిపిస్తుంది గానీ, ఆనాడు ఊరంతా కళ్ళారా చూసింది. చూసింది కాబట్టి అది మా ఇంటికి చట్టమైపోయింది. పాలోళ్ళమై, అంటే ఒకే వంశం వాళ్ళమై ఉండి కూడా పెళ్ళికి పిలుపుల్లేవు, చావుకు స్నానాల్లేవు. వాళ్ళ బర్రె మా వాకిట్లోకి వస్తే కూడా పలుపు పట్టుకుని తోలడానికి లేదు, కట్టెతో అదిలించాల్సిందే.

అలాంటి ఇంటి నుంచి నేను ఇంటర్ దాకా చదివి, ఉద్యోగం రాక, ఏజెంట్ వెంట పడి ఒమన్ చేరాను. మొదట నన్ను వేసింది సూర్‌లో. సముద్రం పక్కన రేకుల క్యాంపు, గదికి ఎనిమిది మంచాలు. సామాను దించుకుంటుంటే పై మంచం మీది మనిషి ఏ ఊరని అడిగాడు, చెప్పాను. ఇంటి పేరు అడిగాడు, చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయనే అన్న. అన్నను నేను అంతకుముందు ఊళ్ళో ఎన్నోసార్లు చూసే ఉంటాను, చూడనట్టు చూసే అలవాటు వల్ల ముఖం గుర్తు లేదు.

ఒక్క గదిలో ఉన్న మా జిల్లా వాళ్ళందరికీ ఒక మెస్, వంతుల వారీగా వంట. నేను మాత్రం ఒక చిన్న కిరోసిన్ స్టవ్ కొనుక్కుని విడిగా వండుకున్నాను. అన్న వంతు వచ్చిన రోజున ఆయన వండింది నేను తినకూడదు, నా వంతు వస్తే ఆయన తినడు. మా మేస్త్రీ ఒక పంజాబీ, గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వేవాడు. “ఏక్ గావ్, ఏక్ కమ్రా, దో చూల్హే! అరే, పాకిస్తాన్ బనా లియా క్యా?” అని, ఒకే గదిలో రెండు పొయ్యిలు పెట్టి దేశం విడదీసుకున్నారా అని మమ్మల్ని ఆట పట్టించేవాడు. మిగతా వాళ్ళు కూడా నవ్వేవారు. మేమిద్దరం ఎవరి గిన్నెలోకి వాళ్ళం చూసుకుంటూ తినేవాళ్ళం. చాలా నెలలు అలాగే గడిచాయి.

ఆ ఏడు బక్రీదు పండుగకు అర్బాబ్, అంటే మా యజమాని, పనివాళ్ళందరినీ ఇంటికి పిలిచాడు. ఆయన సొంత ఊరు అటు దక్షిణాన కొండల్లో, సూర్‌కు వ్యాపారం కోసం వచ్చి స్థిరపడ్డాడు. ఇక్కడ ఉన్న వాళ్ళకు తెలుసు, ఈ దేశంలో విందంటే విడివిడి ప్లేట్లు ఉండవు. పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద మేక మాంసం, చుట్టూ మనుషులు. ఎవరెక్కడ కూర్చోవాలో ఆయనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. నన్నూ అన్ననూ ఒకే ఊరి వాళ్ళని ఎవరో చెప్పినట్టున్నారు, సంతోషంగా తన పళ్ళెం దగ్గరే పక్కపక్కన కూర్చోబెట్టి, తన చేత్తో మాంసం తుంచి మా ఇద్దరి ముందుకు నెట్టాడు. పెట్టిన వాడు అర్బాబ్, వద్దని ఎలా అంటాం? ముందు ఎవరు చెయ్యి పెట్టారో నాకు గుర్తు లేదు. తిన్నాం.

అదే పళ్ళెం దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు ఉన్నారు. ఒకాయన చెయ్యి పట్టు తప్పింది, రెండో ఆయన మాంసం ఎముక నుంచి వలిచి ముద్ద చేసి నోటికి అందిస్తున్నాడు. మా అర్బాబ్‌కు హిందీ బాగా వచ్చు. ఆ తినిపిస్తున్న వాడు తన తండ్రి అనీ, తింటున్న వాడు పెదనాన్న అనీ చెప్పాడు. వాళ్ళ కొండల్లో కూడా ఒకప్పుడు ఏళ్ళ తరబడి యుద్ధం జరిగిందట. పెదనాన్న తిరుగుబాటు వాళ్ళతో కొండ మీద, తండ్రి సుల్తాను సైన్యంతో కొండ కింద. ఒకే లోయలో అటూ ఇటూ ఉండి కాల్చుకున్నారట. ఇప్పుడు ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారని అన్న అడిగాడు. ఆ గదిలో అంతమందిలో ఆ ప్రశ్న ఆయనకే తోచింది. అర్బాబ్ నవ్వి, “ఊంట్. బారిష్. బస్,” అన్నాడు. ఒంటెల గురించి, వానల గురించి, అంతే.

తిన్నాక నేనూ అన్నా, పడవలు చేసే రేవు పక్కన ఇసుకలో నడుచుకుంటూ క్యాంపుకు వచ్చాం. నాతో ఆయన మాట్లాడడం అదే మొదలు. వాళ్ళ ఇంట్లో చెప్పుకునే కథ వేరు. పెద్ద తాత గడిలో జీతం ఉంటూనే, మేకలకు ఆకు తెస్తానని మోపు కట్టుకుని, ఆ మోపులో దాచి తమ్ముడికి తిండి మోసేవాడట. గడి వాళ్ళకు అనుమానం వచ్చింది. ఒక పొద్దున ఆయనకు తెలియకుండా వెంబడించి దోవ తెలుసుకున్నారు. తిండి పెట్టి దిగి వచ్చిన గంటకే వాళ్ళు ఎక్కారు. అప్పుడు నోరు విప్పితే గడి వాళ్ళు చంపేస్తారు, తర్వాత విప్పితే నమ్మేవాళ్ళు లేరు. తన భార్యకు ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చేవాడట.

ఆ పొద్దున ఆయన గుట్ట దిగి వచ్చాడన్నది మా కథలోనూ ఉంది, వాళ్ళ కథలోనూ ఉంది. వినేసి ఊరుకోవచ్చు. కానీ నాకు నాయనమ్మ బీడీల చేట గుర్తొచ్చింది, సగం రొట్టె గుర్తొచ్చింది. నాయనమ్మ గుట్ట మీదికి ఏనాడూ తిండి పంపలేదు, తాత ఎక్కడున్నాడో ఆమెకే తెలియదు. మరి ఆ రొట్టె చేసిందెవరు? మా ఇంట్లో ఒక్కరం కూడా ఎన్నడూ అడగలేదు. ఆ మాటే అన్నకు చెప్పాను.

అన్న ఇసుకలో కూలబడ్డాడు. “రొట్టె మా నాయనమ్మ చేసిందే తమ్మీ,” అన్నాడు. “రెండు చేసిచ్చిన అనేది. రెండూ తిన్నడో లేదో అని సచ్చేదాక అడిగింది.” అంత పెద్ద మనిషి, భుజాలు కదిలిపోయేట్టు ఏడ్చాడు. నేను పక్కన నిలబడి పడవల వైపు చూశాను. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఇది నా తీరు అనుకుంటాను. ఆ రోజు నుంచి మాత్రం మా గదిలో ఒకటే పొయ్యి.

మొదటి సెలవులో ఇంటికి పోయేసరికి నాయనమ్మ లేదు. బావి దగ్గర మోటారు విప్పుతున్న నాన్నకు చెప్పాను. చేతులకు గ్రీజుతో అలాగే కూర్చుని మొత్తం విన్నాడు. పుట్టకముందే తండ్రిని పోగొట్టుకున్న మనిషి, ఏమంటాడో అని చూస్తే, “పిట్టకు ఇచ్చిన మాటరా. మనం ఎట్ల తిప్పుకుంటం?” అన్నాడు. అంటే నమ్మాడనే. నమ్మినా చేసేదేమీ లేదని. మళ్ళీ స్పానర్ అందుకున్నాడు.

అలా మాకు రెండు బతుకులు ఏర్పడ్డాయి. సూర్‌లో, తర్వాత అల్ హైల్‌లో, తర్వాత ఇక్కడ మబేలాలో ఒకే గిన్నెలో తినేవాళ్ళం. సెలవులో ఊరికి పోతే ఎదురుపడినా తల వంచుకుని పోయేవాళ్ళం. అన్న సెలవుకు పోతుంటే మా ఇంటికి సబ్బులు, పాల పొడి డబ్బాలు, దుప్పటి కట్టి ఇచ్చేవాణ్ణి. ఆయన వాటిని బస్టాండు దగ్గరి మంగలి దుకాణంలో పెట్టి పోయేవాడు. మా వాళ్ళు వచ్చి, ఎవరు తెచ్చారని అడగకుండా తీసుకుపోయేవారు. వాళ్ళకు తెలుసు. తెలియనట్టు ఉండడం అందరికీ అలవాటైపోయింది. మా అమ్మ ఆ దుప్పటి కప్పుకునే పడుకునేది.

వీసా క్యాన్సిల్ చేసుకుని పోయే రోజున అన్న ఎయిర్‌పోర్టులో ట్రాలీ పట్టుకుని నిలబడి, పోతూ పోతూ ఆగాడు. “నాకేం వద్దు తమ్మీ. ఎన్నడన్న ఒక్కపారి, మీ ఇంటోళ్ళు మా ఇంటోళ్ళు ఉన్నకాడ, మా తాత చూపెట్టలేదని నీ నోటితోని అను. గది సాలు.” నేను సరే అన్నాను. కానీ రెండు ఇళ్ళ వాళ్ళూ ఒక్కచోట ఉండేదెక్కడ? పెళ్ళికి కలవరు, చావుకు కలవరు. నాన్న పోయాక కూడా ఆ మాటకు చోటు దొరకలేదు.

మొన్న దొరికింది. రాయికి ఆనించిన ఫోన్‌లో వదిన ఉంది, ఆమె కూతురుంది, కొడుకున్నాడు. వాళ్ళ పక్కనే నీళ్ళ క్యాన్ భుజాన పెట్టుకుని మా తమ్ముడి కొడుకు నిలబడి ఉన్నాడు. ముందు నేను పోల్చుకోలేదు. వీడు అక్కడెందుకు ఉన్నాడు, ఎవరు రమ్మన్నారు, మా తమ్ముడు ఎలా పంపాడు అని క్షణంలో నూరు ప్రశ్నలు వచ్చాయి గానీ, వాడు మాత్రం తన ఇంటి పనే అన్నట్టు తువ్వాలు తలకు చుట్టుకుని, విస్తరి చుట్టూ నీళ్ళు చల్లుతున్నాడు.

మబేలాలో మా సందు చివరి చెత్త డబ్బా మీద కూడా కాకులు అరుస్తున్నాయి. మన దేశపు కాకులే ఓడలెక్కి ఇక్కడికి వచ్చాయంటారు.

“అన్నా, నేను మాట్లాడుతున్న,” అన్నాను. “మా ఇంటి దిక్కెల్లి చెప్తున్న. మీ తాత దోవ చూపెట్టలేదు. రొట్టె మోసిండు. మా నాయనమ్మ పిట్టకిచ్చిన మాట నేను వాపస్ తీసుకుంటున్న. ఇయ్యాల్టి సంది మీ ఇంటి మైల మాకున్నది.”

ఫోన్‌లో అందరి ముఖాలూ చెట్టు వైపు తిరిగాయి. తర్వాత వదిన గట్టిగా ఏడవడం వినిపించింది. అన్న కొడుకు ఫోన్ అందుకున్నాడు. “ముట్టింది చిన్నబాపూ! రొట్టె ముట్టింది!” అన్నాడు. వాడి ముఖం వెలిగిపోతోంది. మా తమ్ముడి కొడుకు కూడా వాడి భుజం మీద చెయ్యి వేసి తెరలోకి తొంగి చూశాడు. రెండు ఇళ్ళ పిల్లలు, పక్కపక్కన రెండు ముఖాలు, ముక్కులు ఒక్క తీరుగానే ఉన్నాయి.

“చిన్నబాపూ,” అన్నాడు అన్న కొడుకు, “ఏం దోవ?”

“అవు పెద్దబాపూ,” అన్నాడు మావాడు, “ఏ దోవ? ఎవలకు చూపెట్టలేదు?”

చెబుదామనే నోరు తెరిచాను. గుట్ట చూపించి చెబుదామంటే ఆ గుట్టే లేదు. గ్రానైట్ వాళ్ళు కోసి, లారీల మీద ఎత్తుకుపోయి ఏళ్ళవుతోంది, ఇప్పుడక్కడ నీళ్ళు నిలిచిన గుంత ఉంది. ఆ గుంతలోనే కలిసి ఈత నేర్చుకున్నామని వీళ్ళిద్దరూ ఆ ఫోన్‌లోనే చెప్పారు. ఎవరూ వాళ్ళకు వద్దని చెప్పలేదు, ఆ పాత పగ సంగతే వాళ్ళ చెవిన పడలేదు. మాట వాపస్ తీసుకునే మనిషి కోసం మా ఇళ్ళల్లో ఎవరూ ఎదురుచూడలేదు, అన్న ఒక్కడే ఎదురుచూశాడు.

ఇద్దరినీ ముందు పోయి తినమన్నాను. ఫోన్ పెట్టేసి అద్దంలో చూసుకుంటే చెంప మీద సబ్బు ఎండి పొరలుగా లేస్తోంది. నీళ్ళతో తడిపి మిగిలిన గడ్డం గీసుకున్నాను. నాకు సంతోషం కలగాలి, కలగలేదు. దుఃఖమైనా రావాలి, అదీ రాలేదు. అర్బాబ్ ఇంట్లో ఒకరికొకరు తినిపించే అన్నదమ్ములను కళ్ళారా చూశాను, చెల్లాల్సిన మాట చెల్లించాను, ఇంకేం కావాలో నాకే తెలియడం లేదు. వాళ్ళు అడిగిన దానికి జవాబు మాత్రం ఇలా మీకు రాసుకుంటున్నాను. నా ఈడు వాళ్ళు కదా, మీరైతే ఏ దోవ అని అడగరు.